బండిని నిలబెట్టుడు సుత ఒక పనే

దీపావళి దాటిందంటే మా పాలమూరు దిక్కు ఊర్లు సప్పగ అయితయ్. పనిచేసే చేతులన్నీ బస్సెక్కుతయ్. కొందరు హైదరాబాద్, కొందరు పుణె, ముంబై, బెంగళూరు. మళ్ల వచ్చుడు ఉగాది ముంగటనే. ఇంటికాడ మిగిలేది ముసలోళ్లు, బడికి పోయే పిల్లలు, గొడ్లు. వాళ్లతోని పాటు మన బండి సుత మిగుల్తది. నాలుగైదు నెలలు కదలకుండ కొట్టంల నిలబడ్తది.

ఆ బండిని ఎట్ల నిలబెట్టి పోవాలె అన్నదే నేను చెప్పే ముచ్చట. గింత చిన్న దాని మీద రాసుడేంది అనుకోవచ్చు. నేను సుత గట్లనే అనుకున్న. అందుకే దెబ్బ తిన్న. దెబ్బ నాకు తగిలినా బాగుండు, మా అవ్వకు తగిలింది.

నేను సెంట్రింగ్ పని చేస్త. రెండేండ్ల కింద పుణెకు పోయేటప్పుడు బండిని తెచ్చి గొడ్ల కొట్టంల పెట్టిన. సైడ్ స్టాండ్ ఏసిన, హ్యాండిల్ లాక్ చేసిన, పైన ప్లాస్టిక్ పట్టా కప్పిన. తాళం చెవి అవ్వ చేతిల పెట్టి బస్సెక్కిన. పని అయిపోయిందనుకున్న.

సంక్రాంతికి ఇంకో పది రోజులున్నదనంగ తెల్లారకముందే ఫోన్ వచ్చింది. అవ్వ చీకటితోనే బర్రె పాలు పిండనీకి పోయింది. గడ్డి మోపు ఎత్తుకుంటుంటే భుజం హ్యాండిల్‌కు తాకింది. బండి వచ్చి కాలు మీద పడ్డది. పక్కింటి పెద్దనాయిన ఇని ఉరికొచ్చే దాక ఆమె బండి కిందనే ఉన్నది. పాదం ఎముక ఇరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు. ట్యాంకు మూత కాడికెళ్లి పెట్రోల్ కారి గడ్డిల ఇంకింది. ఆ పొద్దు అక్కడ ఎవరన్న బీడీ ముట్టిస్తే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటది.

నేను పని ఇడిసి ఊరికొచ్చిన. అవ్వ మంచంల పండుకోని ఒక్కటే మాట అడిగింది: "బర్రెను కట్టేటప్పుడు గుంజను ఊపి చూస్తవు గద బిడ్డా, బండిని పెట్టేటప్పుడు ఎందుకు చూడవైతివి?"

ఆ మాటకు జవాబు లేదు. అందుకే మా ఊరి మెకానిక్ అన్నను కూసోబెట్టుకోని అడిగిన. తర్వాత మూడు నాలుగు బండ్లు నా చేత్తోని నిలబెట్టిన. తెలిసింది చెప్త.

ముందుగాల బండి ఎందుకు పడ్తదో తెల్వాలె. మనం తోలే మామూలు బండి బరువు దాదాపు 110 కిలోలు. సైడ్ స్టాండ్ మీద ఉన్నప్పుడు ఆ బరువును ఆపేది రెండు టైర్లు, ఎడమ దిక్కు అరచేతి కన్న చిన్న ఇనుప ముక్క. కొట్టం నేల మట్టిది. పైకెళ్లి మంచు, కిందికెళ్లి గొడ్ల ఉచ్చ. నేల నానుతుంటది, స్టాండు రోజింత దిగుతుంటది. బండి ఎడమకు ఇంకింత వంగుతది. ఇగ చిన్న తాకుడు చాలు.

ఇంకోటి చానా మందికి తోచనిది ఉన్నది. నెలలు గడిస్తే టైర్ల గాలి దిగుతది. టైర్లు కుంగితే బండి కిందికొస్తది, స్టాండు పొడుగు మాత్రం అంతే ఉంటది. అప్పుడు వంగి ఉన్న బండి నిటారుగ లేస్తది. ఎడమకెళ్లి జర తాకినా కుడి దిక్కు పడ్తది. అంటే నేల దిగితే ఎడమకు, గాలి దిగితే కుడికి. సైడ్ స్టాండ్ అరగంటకు పనికొస్తది గని, ఐదు నెలలకు కాదు.

మూడోది, స్టాండు మడుసుకునుడు. సైడ్ స్టాండ్ అయినా సెంటర్ స్టాండ్ అయినా బండి ముందుకు జరిగితే ఎనుకకు మడుసుకుంటది. వాలు నేల మీద పెడితే, లేకుంటే గొడ్డు ఎనుకకెళ్లి నూకితే, అదే అయితది.

ఇగ నిలబెట్టుడు ఎట్లనో చూద్దాం.

జాగ నుంచి మొదలు పెట్టుండ్రి. గొడ్లు కట్టే గుంజలకు, గడ్డి వామికి, పొయ్యికి దూరంగ ఉండాలె. మనుషులు నడిచే తొవ్వల ఉండొద్దు. ఒక మూలకు, ఒక పక్క గోడ ఉండేటట్టు చూసుకోండ్రి. గొడ్ల ఉచ్చ వాసన ఇనుమును సుత తింటది, అందుకే వేరే రూము ఉంటే ఇంకా మంచిది.

కింద బండ ఎయ్యుండ్రి. మన దిక్కు తాండూరు బండకు కరువు లేదు. స్టాండు రెండు కాళ్లు ఒకే బండ మీద ఆనాలె. ఒక కాలు బండ మీద, ఒక కాలు మట్టి మీద ఉంటే ఏం లాభం లేదు. బండ కింద ఇసుక పోసి సదును చేసి, నిలబడి తొక్కి చూడుండ్రి. కట్టె పలక ఎయ్యొద్దు, చెదలు తింటది.

సెంటర్ స్టాండ్ ఎయ్యుడు బలం పని కాదు. బండి ఎడమ దిక్కు నిలబడి, ఎడమ చెయ్యితో హ్యాండిల్, కుడి చెయ్యితో సీటు ఎనుక కడ్డీ పట్టుకోండ్రి. కాలుతో స్టాండును కిందికి తొక్కితే రెండు కాళ్లూ నేలకు తాకినట్టు తెలుస్తది. బండిని నిటారుగ పట్టి, ఒంటి బరువంత ఆ కాలు మీద ఎయ్యుండ్రి. బండి దానంతట అదే ఎక్కుతది. చేతులతోని ఎత్తబోతే నడుము పడ్తది.

తర్వాత స్టాండు మడుసుకోకుండ కట్టాలె. ఒక నైలాన్ తాడు తీసుకోని సెంటర్ స్టాండ్ అడ్డకడ్డీకి, ముందు చక్రం రిమ్ముకు కలిపి బిగ్గెన కట్టుండ్రి. ఇట్ల కడితే ఎవరు ఎనుకకెళ్లి నూకినా స్టాండు ఎనుకకు పోదు. ముందు చక్రానికి ముందొక ఇటుక, ఎనుకొక ఇటుక పెట్టుండ్రి.

ఇగ పక్కల తాళ్లు. హ్యాండిల్ పిడికి కట్టొద్దు, తిరిగిపోతది. హ్యాండిల్ కింద, ఫోర్కు రెండు కడ్డీలను పట్టి ఉంచే గట్టి ఇనుముకు కట్టుండ్రి. వైర్లు, క్లచ్ కేబుల్ తాడు కింద నలగకుండ చూడుండ్రి. అక్కడికెళ్లి ఒక తాడు ఎడమకు, ఒకటి కుడికి, కిందికి వాలుగ పోవాలె, గుడారం తాళ్ల లెక్క. ఎనుక కడ్డీకి సుత గట్లనే రెండు. రెండు దిక్కుల బిగువు సమానం ఉండాలె. ఒక్క దిక్కే కడితే మనమే బండిని గుంజి పడేసినట్టు. తాళ్ల రెండో కొస పాతిన రాతి కడీకో, గట్టి స్తంభానికో ఉండాలె. మట్టి గోడ మేకు ఊడొస్తది. బర్రెను కట్టిన గుంజకు అసలే వద్దు, బర్రె గుంజితే బండి సుత కదుల్తది. చీకట్ల కాళ్లకు తట్టుకోకుండ తాళ్లకు తెల్ల గుడ్డ పేలికలు కట్టుండ్రి.

అంతా అయినంక అవ్వ చెప్పినట్టు ఊపి చూడుడు. సీటు మీద అరచెయ్యి పెట్టి ఎడమకెళ్లి నూకుండ్రి, కుడికెళ్లి నూకుండ్రి, ముందుకు, ఎనుకకు. ఏ దిక్కు కదిలినా మళ్ల కట్టుండ్రి. పిల్లగాండ్లు ఎక్కి బుర్రుమని ఆడుతరు, అది యాదిల పెట్టుకొని ఊపుండ్రి.

కొన్ని బండ్లకు సెంటర్ స్టాండ్ ఉండదు. వాటికి సైడ్ స్టాండ్ కింద బండ తప్పనిసరి. మొదటి గేర్ల పెడితే ఎనుక చక్రం ఉరకదు. ముందు భాగం జర ఎత్తు దిక్కు ఉంటే స్టాండు మడుసుకోదు. ఇటుకలు, నాలుగు తాళ్లు వీటికి సుత అట్లనే.

బండి నిలబడ్డది. ఇప్పుడు దాని ఆరోగ్యం. టైర్లల్ల కంపెనీ చెప్పినంత గాలి కొట్టియ్యుండ్రి. ఇప్పుడు బంకుల్ల పోసే పెట్రోల్ల 20 శాతం దాక ఇథనాల్ ఉంటది, అది తేమను గుంజుకుంటది. ఇనుప ట్యాంకు సగం ఖాళీ ఉంటే లోపలి గాలిల తేమ చేరి తుప్పు పడ్తది. అందుకే కొత్త పెట్రోల్‌తోని దాదాపు నింపి పెట్టుడు మంచిది. అందుకే గడ్డికి, నిప్పుకు దూరం అని ముందే చెప్పిన. కార్బురేటర్ బండి అయితే పెట్రోల్ కాక్ బంద్ చేసి, కార్బురేటర్ల మిగిలింది మెకానిక్‌తోని తీపియ్యుండ్రి. లేకుంటే జిగటై అడ్డం పడ్తది.

బ్యాటరీ తీసి ఇంట్ల పెట్టుండ్రి. ఇప్పేటప్పుడు ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్. నెలకొకసారి ఛార్జింగ్ పెట్టియ్యాలె. ఇంటోళ్లకు "రోజుకొకసారి స్టార్ట్ చెయ్యుండ్రి" అని చెప్పి పోతరు కొందరు. రెండు నిమిషాలు నడిపితే బ్యాటరీ నిండదు, సైలెన్సర్ల నీళ్లు చేరుతయ్. ఎలుకలు పోకుండ సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కుండ్రి. ఆ సంగతి ఒక చీటీ మీద రాసి తాళం చెవికి కట్టుండ్రి, వచ్చినంక మరిస్తే కష్టం.

ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు. చలికాలం పొద్దుగాల రేకుల లోపటి దిక్కు చెమట పట్టి చుక్కలు పడుడు చూసే ఉంటరు. పట్టా కింద సుత అదే అయితది, ఆ తడి బయటకు పోదు. పాత నూలు చీర కప్పుండ్రి, గాలి ఆడుతది.

ఇదంతా చేస్తే ఒక పూట పడ్తది. బస్సెక్కే తొందరల ఆ పూట దొరకదని నాకు తెలుసు. నాకూ దొరకలేదు. ఆ పూట మిగిలిచ్చుకున్నందుకు దవాఖాన ఖర్సు, పోయిన కూలీ కలిపి నాలుగు కిస్తీల పైసలు పోయినయ్. అవ్వ ఇప్పటికీ చలికి ఆ కాలు గుంజుతదంటది.

బండి కొన్నప్పుడు మైలేజీ ఎంత, పికప్ ఎంత అని పది మందిని అడుగుతం. నిలబెట్టుడు ఎట్ల అని ఒక్కర్ని అడగం. మనం తోలినప్పుడు బండి మనది. మనం ఊరిడిసినంక ఆ బండి పక్కన దినాం నడిచేది అవ్వ, నాయిన, పిల్లలు. పడితే ఎత్తే బలం వాళ్లకు లేదు. అందుకే బ్యాగు సదురుకునే ముందు ఒకసారి కొట్టంలకు పోయి బండిని ఊపి చూడుండ్రి.

పోయిన దీపావళికి నేను బండి కట్టుడు అయినంక అవ్వను పిలిచిన. ఆమె చేతికర్ర పక్కన పెట్టి, రెండు చేతులతోని సీటును నూకి చూసింది. కదలలే. "ఇగ పో బిడ్డా" అన్నది.