భువనగిరి కొండపై కొలనులు.. వైశాఖంలో ఎక్కేవారికి జాగ్రత్తే రక్ష

భువనగిరి: పంచాంగం ప్రకారం వైశాఖం వసంత రుతువే. తెలంగాణలో మాత్రం అప్పటికే ఎండలు మండిపోతుంటాయి. పాఠశాలలకు సెలవులు కూడా అప్పుడే కావడంతో పిల్లాపాపలతో భువనగిరి కోట ఎక్కేందుకు ఎందరో వస్తుంటారు. ఒక్క పూటలో ఎక్కి దిగగలిగే కొండే అయినా, దాని స్వభావం తెలియకుండా అడుగు పెడితే ప్రాణం మీదికి రావచ్చు.

కోటను నిలిపినవి నీళ్లే

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, దాదాపు 500 అడుగుల ఎత్తున ఉన్న ఏకశిల ఇది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడి (1076-1126) బిరుదైన త్రిభువనమల్లుడి పేరిట త్రిభువనగిరిగా వెలసి, కాలక్రమంలో భువనగిరి అయింది. మట్టి, చెట్లు అంతగా లేని రాతిపై వాన నీరు ఇంకదు, జారిపోతుంది. ఆ నీటిని పల్లాల్లో ఆపి కొలనులుగా మలచుకోవడం వల్లే శిఖరాన ఉన్న బాలాహిస్సార్‌లో మనుషులు నివసించగలిగారు. శత్రువు చుట్టుముట్టినప్పుడు గోడలెంత ముఖ్యమో, నిల్వ నీరూ అంతే ముఖ్యం.

నీరు పట్టి ఇచ్చిన ఆ రాయే ఎండాకాలంలో పెనంలా కాలుతుంది. ఉదయం నుంచి వేడిని పీల్చుకున్న బండ మధ్యాహ్నానికి గాలి కంటే ఎక్కువగా వేడెక్కుతుంది. పైనుంచి సూర్యుడు, కింది నుంచి రాయి.. రెండు వైపులా సెగ తగులుతుంది. నీడ అరుదు.

ఏం చేయాలి?

ప్రవేశ వేళలు ముందే తెలుసుకుని, ద్వారం తెరిచిన వెంటనే బయలుదేరాలి. నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు వెంట ఉండాలి. కొలనుల్లోని నిల్వ నీరు తాగరాదు. పాచి పట్టిన అంచుల వద్దకు పిల్లలను వెళ్లనీయరాదు. అలసిన కాళ్లు దిగేటప్పుడే ఎక్కువగా జారుతాయి కనుక పట్టున్న బూట్లు వేసుకోవాలి.

తలనొప్పి, కళ్లు తిరగడం, కండరాలు పట్టేయడం మొదలైతే శిఖరం ఆశ వదులుకుని నీడకు చేరాలి. మాట తడబడినా, స్పృహ తప్పినా వడదెబ్బగా భావించి 108కు ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేలోగా ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ గాలి తగలనివ్వాలి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయరాదు.

సాయంత్రం మబ్బులు కమ్మితే మరో ముప్పు. చుట్టుపక్కల కంటే ఎత్తుగా ఉన్న శిఖరంపై పిడుగు పడే ప్రమాదం ఎక్కువ. ఉరుము వినిపించిన వెంటనే దిగడం మొదలుపెట్టాలి.

2014 మే 25న ఎవరెస్టు అధిరోహించిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందింది ఈ బండపైనే. కొండను జయించడానికి ధైర్యంతో పాటు సన్నద్ధతా కావాలని ఆమె ప్రస్థానం చెబుతోంది. ఖాళీ సీసాలు, ప్లాస్టిక్ సంచులు కొలనుల్లో పడేయకుండా కిందికి తెచ్చుకోవడమూ ఆ సన్నద్ధతలో భాగమే. శతాబ్దాల పాటు కోట దాహం తీర్చిన జలాశయాలవి.