ఇంటి కాగితాలు చదివేదెవరు?

బరంపురంలో మన పాత ఇళ్ల ట్రంకుపెట్టెల్లో తెలుగు దస్తావేజులు ఇంకా ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయ్యేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా. తాతగారి క్రయపత్రం తెలుగులో, నాన్నగారి పట్టా ఒడియాలో, బ్యాంకు కాగితం ఇంగ్లీషులో. మూడింటినీ కలిపి చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు. మన ఇళ్ల అమ్మకాల్లో చిక్కు చాలాసార్లు అక్కడే మొదలవుతోంది.

అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే పూర్తవుతుంది. పవరాఫ్ అటార్నీ రాయించుకుని ఇల్లు మనదైందనుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. తహసీలు పట్టా వేరు. అందులో పేరున్నంత మాత్రాన హక్కు రాదు. అలాగని రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ చేయించకపోతే భూలేఖ్‌లో పాత యజమాని పేరే కనిపిస్తూ ఉంటుంది. మనవాళ్లు "తర్వాత చూద్దాం" అని ఏళ్లు గడిపేసేది ఈ పని దగ్గరే.

ఇక పేర్ల గొడవ. మనకు ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరం. ఒడియా రికార్డుల్లో ఇంటిపేరు చివర. దాంతో ఒకే మనిషి దస్తావేజులో ఒకలా, పట్టాలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటాడు. పెద్దలు బతికుండగానే అఫిడవిట్ చేయించి పెట్టుకుంటే పిల్లలకు కోర్టు తిరుగుడు తప్పుతుంది.

ఆడపిల్లల వాటా మరీ ముఖ్యం. 2005 సవరణ తర్వాత హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు ఉంది. విశాఖలోనో విజయనగరంలోనో కాపురమున్న అక్కయ్యను అడక్కుండా అన్నదమ్ములే సంతకాలు పెట్టిన అమ్మకాన్ని చూసి ధర తక్కువని మురిసిపోకండి.

ఊరి శివారు స్థలమైతే పట్టాలో "కిసం" గడి చూడండి. ఘరబారి అని ఉందా, సాగుభూమి అనా? అమ్మేవారు షెడ్యూల్డు కులాల, తెగలవారైతే, ఇతరులు కొనేముందు రెవెన్యూ అధికారి అనుమతి ఉండాలి.

మరి ఎవరి దగ్గరకు వెళ్లాలి? దస్తావేజు లేఖరి చెప్పింది రాస్తాడు. హక్కు పరిశీలన వకీలు పని. బ్రోకరు తెచ్చిన వకీలు బ్రోకరు మనిషే అనుకోవడం మంచిది. మన వకీలుకు తెలుగు రాకపోతే పాత పత్రాన్ని ఎవరిచేత చదివిస్తారో అడగండి. కనీసం ముప్ఫై ఏళ్ల ఎన్‌కంబరెన్సు తీయించి, అభిప్రాయం కాగితం మీద సంతకంతో ఇవ్వమనండి. "అన్నీ బాగున్నాయి బాబూ" అన్న నోటిమాటకు ఫీజు ఇవ్వనక్కర్లేదు.

ఖర్చు మొత్తం ఒకే అంకెగా చెబితే విడగొట్టి రాయించుకోండి. స్టాంపు డ్యూటీ మగవారికి నూటికి 5, ఆడవారి పేరున కొంటే 4, రిజిస్ట్రేషన్ ఫీజు 2. మిగిలింది ఎవరికి, దేనికి అని అడిగి, రసీదు తీసుకోండి.