ట్యాంకరు మీద నాలుగంకెలు

రాత్రి రెండు గంటలు. విశాఖపట్నంలో పెట్రోలు నింపుకుని తుని వైపు వస్తున్న ట్యాంకరు ముందు టార్చిలైటు ఊగింది. పక్కన రవాణా శాఖ జీపు. డ్రైవరు బండి ఓరకు తీశాడు. లైసెన్సు, ఆర్సీ, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు... కొన్ని కవర్లో, కొన్ని ఫోన్లో అన్నీ ఉన్నాయి. ఇక పొమ్మంటారులే అనుకుంటుండగా బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఇంకోటి అడిగాడు.

'ట్రెమ్ కార్డేదీ?'

డ్రైవరు క్లీనరు వంక చూశాడు. క్లీనరు డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి వంక చూశాడు.

ట్యాంకర్లు తోలేవాళ్లకు ఇలాంటి రాత్రులు కొత్తకాదు. అయితే ఇసుక లారీకో ధాన్యం లారీకో రాసే చలానా వేరు, పెట్రోలో గ్యాసో యాసిడో మోసే బండి మీద రాసే కేసు వేరు. ఆ తేడా కోర్టు మెట్లెక్కాక తెలిస్తే అప్పటికే ఆలస్యమైపోతుంది.

చలానా కట్టి పోదామంటే...

మోటారు వాహనాల చట్టంలో 190వ సెక్షను, మూడో ఉపసెక్షను. మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చే సరుకుల రవాణా నియమాలను ఉల్లంఘిస్తే వర్తించేది ఇదే. 1988లో చట్టం వచ్చినప్పుడు మొదటి తప్పుకు జరిమానా మూడు వేల దాకా ఉండేది. 2019 సవరణ దాన్ని 10,000 రూపాయలు చేసింది. దానితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. లేదంటే ఏడాది వరకూ జైలు, లేదా రెండూ. రెండోసారి దొరికితే 20,000 రూపాయలు, మూడేళ్ల వరకూ జైలు, లేదా రెండూ.

అసలు చిక్కు మరోచోట ఉంది. అక్కడికక్కడే రుసుము కట్టి రాజీ చేసుకోదగిన నేరాల జాబితా అదే చట్టం 200వ సెక్షన్లో ఉంది. అందులో 190లోని రెండో ఉపసెక్షను కనిపిస్తుంది గానీ మూడోది కనిపించదు. అంటే రోడ్డు మీద తేలే వ్యవహారం కాదు, కోర్టు తేల్చాల్సిందే. ట్రిప్పుకింత అని లెక్క కట్టి తీసుకునే డ్రైవరుకు పదివేల జరిమానా కన్నా మూడు నెలల అనర్హతే పెద్ద దెబ్బ. ఓనరు ఆ బండికి ఇంకో డ్రైవర్ని పెట్టుకోగలడు. డ్రైవరు ఇంకో లైసెన్సు తెచ్చుకోలేడు.

ఎంతోకొంత చేతిలో పెట్టి బయటపడదామనుకునేవాళ్లూ ఉంటారు. అలా తప్పించుకున్నా తర్వాతి చెక్‌పోస్టు దగ్గర అదే ప్రశ్న ఎదురవుతుంది. కార్డు అప్పటికీ ఉండదుగా!

1203 అంటే పెట్రోలు

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 129 నుంచి 137 దాకా ఉన్నవన్నీ ఈ సరుకుల గురించే. తనిఖీలో ముందు కంటపడేది బండికి రెండు పక్కలా, వెనకా ఉండాల్సిన సమాచార పలక. సరుకు అసలు పేరు, ఐక్యరాజ్యసమితి ఇచ్చిన నాలుగంకెల నంబరు, వజ్రాకారపు ప్రమాద చిహ్నం, అత్యవసరంలో ఫోన్ చేయాల్సిన నంబర్లు దాని మీద ఉండాలి. సైజు కూడా నియమాల్లోనే ఉంది. నాలుగంకెలు 100 మిల్లీమీటర్ల ఎత్తుకు తగ్గకూడదు. చిహ్నం 250 మిల్లీమీటర్ల చదరం ఉండాలి.

పెట్రోలుకు 1203. డీజిలుకు 1202. వంటగ్యాసుకు 1075, క్లోరిన్‌కు 1017, అమ్మోనియాకు 1005, సల్ఫ్యూరిక్ యాసిడ్‌కు 1830. పెట్రోలు బండి పలక మీద వీటితోపాటు 3YE అన్న అక్షరాలూ ఉంటాయి. అందులో మూడు అంటే మంటను నురుగుతో ఆర్పాలని. చివరి అక్షరం చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే ఆలోచన చేయమని. పెట్రోలు నీటి మీద తేలుతుంది. నురుగు కొట్టాల్సిన చోట గొట్టంతో నీళ్లు కొడితే మంట నీటితోపాటే పాకుతుంది. క్లోరిన్ గాలి కన్నా బరువు, కాబట్టి పల్లానికి దిగుతుంది. అది లీకైనప్పుడు గాలికి ఎదురుగా, మెరక వైపు పరుగెత్తాలి. ఫైరింజన్ వచ్చేసరికి డ్రైవరు స్పృహలో ఉంటాడన్న నమ్మకం లేదు. అప్పుడు మాట్లాడేది ఆ పలకే. అది బురద పట్టి ఉన్నా, నిన్నటి లోడు నంబరే మిగిలిపోయినా ఇన్‌స్పెక్టరు కేసు రాసేది అందుకే.

ఇదంతా కాగితాల గోల అనిపిస్తే రెండు ప్రమాదాలు గుర్తుచేసుకోవచ్చు. 2012 ఆగస్టు 27 రాత్రి కేరళలోని కన్నూరు దగ్గర చాలాలో గ్యాస్ ట్యాంకరు డివైడరుకు కొట్టుకుని బోల్తాపడింది. ఇరవై మంది చనిపోయారు. 2024 డిసెంబరు 20 తెల్లవారుజామున జైపూర్-అజ్మీర్ రోడ్డులో భాంక్రోటా దగ్గర యూటర్న్ తీసుకుంటున్న గ్యాస్ ట్యాంకరును లారీ గుద్దింది. నాజిళ్లు విరిగి గ్యాసు రోడ్డంతా పరుచుకుంది. వెనకాల ఆగిన వాహనాలు పదుల సంఖ్యలో తగలబడ్డాయి.

ఎవరి పని ఎవరిది?

ఆ రాత్రి అడిగిన ట్రెమ్ కార్డు అంటే ట్రాన్స్‌పోర్ట్ ఎమర్జెన్సీ కార్డు. ఏ సరుకు, దానితో ముప్పేమిటి, ఒలికితే ఏం చేయాలి, కళ్లలో పడితే ఏం చేయాలి... అన్నీ అందులో రాసి ఉంటాయి. 133వ నియమం ప్రకారం అది ఎప్పుడూ డ్రైవరు క్యాబిన్లో ఉండాలి. ఓనరు ఇంట్లోనో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బీరువాలోనో ఉంటే లేనట్టే.

అయితే ఆ కార్డు డ్రైవరు తయారు చేసుకునేది కాదు. సరుకు పంపే కంపెనీ పూర్తి సమాచారం ఇవ్వాలి. దాన్ని డ్రైవరుకు రాతపూర్వకంగా అందించి, అర్థమయ్యేలా చెప్పించాల్సిన బాధ్యత బండి ఓనరుది. తీసుకుని, క్యాబిన్లో ఉంచుకుని, అందులో ఉన్నట్టు నడుచుకోవడం డ్రైవరు వంతు. చట్టం కూడా బండి నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ, నడపనిచ్చినవాడినీ బాధ్యుడిగా చూస్తుంది. స్టీరింగు ముందు దొరికేది మాత్రం డ్రైవరొక్కడే.

అందుకే జాగ్రత్త పడాల్సింది రోడ్డు మీద కాదు, లోడింగ్ గేటు దగ్గర. ఈ లోడుకు చెందిన కార్డు చేతికొచ్చిందా? పలక మీద నంబరూ, ఇన్వాయిస్ మీద సరుకూ ఒకటేనా? సైలెన్సరుకు స్పార్క్ అరెస్టర్ ఉందా? మంటలార్పే సిలిండరు గడువు తీరిపోలేదు కదా? బండి చుట్టూ ఒక రౌండు కొట్టి, సెల్‌ఫోన్‌తో మూడు పలకలనూ ఫొటో తీసుకోవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. 'కార్డు లేదు, ఈసారికి పోనీ' అని గుమాస్తా అంటే అక్కడే ఆగిపోవడం నయం. ఆ మాట అన్నవాళ్లెవరూ రాత్రి రెండింటికి బండిలో ఉండరు.

లైసెన్సు సంగతి మరొకటి. హెవీ లైసెన్సు ఒక్కటే ఈ బండ్లకు సరిపోదు. మూడు రోజుల ప్రత్యేక శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్టు, లైసెన్సు మీద దాని తాలూకు నమోదు ఉండాలి. ఈ లైసెన్సు గడువు ఇదివరకు ఏడాదే, 2019 సవరణతో మూడేళ్లయింది. శిక్షణకు పోకుండా సర్టిఫికెట్టు మాత్రం తెప్పించుకుంటే తనిఖీ గట్టెక్కుతుందేమో గానీ, వాల్వు కారుతున్నప్పుడు ఆ కాగితం పనికిరాదు.

ఇంత చేసినా కేసు రాశారనుకోండి. వాదులాటకు దిగడం కన్నా రాసింది చదవడం మేలు. ఏ సెక్షను, ఏం లోపం, ఎవరెవరి పేర్లు రాశారు అన్నవి చూసుకోవాలి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకూడదు. కాపీ తీసుకుని, ఆ రోజే ఓనరుకు తెలియజేయాలి. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఫొటో కూడా పంపితే, తర్వాత 'నాకు చెప్పలేదే' అనడానికి వీలుండదు. కార్డు కంపెనీయే ఇవ్వలేదన్నా, ఓనరే ఇవ్వలేదన్నా కోర్టులో ఆ మాటకు ఆధారం ఇలాంటివే.

అన్‌లోడింగ్ అయిపోయాక చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కానీ పెట్రోలు దింపేసిన ట్యాంకులో ఆవిరి మిగిలే ఉంటుంది. గాలితో కలిసిన ఆ ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. తిరుగు ప్రయాణంలో దాబా ముందు ఆపిన ఖాళీ బండి పక్కన బీడీ వెలిగించకూడనిది అందుకే.