అంటుకొనిపోయిన పేజీలు

"అయ్యగారూ, ఇది మా ఇంటా వంటా లేని జబ్బు. కోడలితోనే వచ్చిందా?"

గత వేసవిలో మా సంఘములోని ఒక పెద్దమ్మ మమ్మును అడిగిన ప్రశ్న ఇది. కోడలికి కడుపులో క్యాన్సరు, కాలేయమునకు కూడ ప్రాకింది. ఆమె గోడవతల మంచముమీద ఉండి ఈ మాట వింటూనే ఉన్నది. పెద్ద మనుమరాలికి సంబంధము కుదిరి ప్రధానము పెట్టుకొన్న రోజులవి. "వంశపు జబ్బు" అన్న మాట పెండ్లికొడుకు వారి చెవిని పడితే ఏమగునో అందరికీ తెలిసినదే. ఆ రోజు ప్రార్థన చేసి వచ్చాము గాని జవాబు చెప్పలేకపోయాము. తరువాత మాకు తెలిసిన డాక్టరమ్మగారిని అడిగి గ్రహించినది ఇక్కడ వ్రాయుచున్నాము.

మన కంటిలోని కణమునకు, కాలేయములోని కణమునకు జన్యువులు దాదాపు ఒక్కటే. మరి పని వేరెందుకు? ఏ కణములో ఏ జన్యువు పలుకవలెనో, ఏది మౌనముగా ఉండవలెనో గుర్తులు ఉంటాయి. అందులో ఒకటి మిథైల్ అను చిన్న ముక్క: ఒక కార్బను, మూడు హైడ్రోజన్ పరమాణువులు, అంతే. జన్యువు మొదట్లో ఇవి పేరుకొంటే ఆ జన్యువు మూతపడుతుంది. పాత పాటల పుస్తకములో గంజి ఒలికి రెండు పేజీలు అంటుకొనిపోయినట్లు అనుకొనండి. అక్షరము ఒక్కటియు చెరగలేదు, చదువుటకు మాత్రము వీలులేదు. కణము రెండైనప్పుడు ఈ గుర్తులు కూడ నకలవుతాయి. దీనిని ఎపిజెనెటిక్స్ అంటారు. మూతపడుట చెడ్డది కాదు. స్త్రీలకు ఉండే రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకటి ప్రతి కణములోను ఇంచుమించు మూతపడియే ఉంటుందని మేరీ లయన్ 1961లో చెప్పినది. మూతపడరానిది మూతపడినప్పుడే చిక్కు.

ఇ-క్యాడ్‌హెరిన్ అని ఒక ప్రోటీను కలదు. ఇటుకల మధ్య సున్నము వలె అది కణమును కణముతో పట్టి ఉంచుతుంది. దానిని తయారుచేయు జన్యువు పేరు సి.డి.హెచ్.1.

న్యూజిలాండులో ఒక పెద్ద మావోరీ కుటుంబమున్నది. సుమారు 30 ఏళ్లలో 25 మంది కడుపు క్యాన్సరుతో పోయారు, వారిలో ఇరువది ఏండ్లు నిండనివారును కలరు. శాపమని అన్నవారున్నారు (మన ఊళ్లలో అనరా?). ఆ కుటుంబమువారే ముందుకు వచ్చి ఒటాగో విశ్వవిద్యాలయములోని శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేశారు. 1998లో కారణము తేలింది: సి.డి.హెచ్.1లో అక్షరదోషము. అయితే తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, ప్రతివారికి ఆ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి గదా! మంచి ప్రతి ఏమైనట్లు? ఇటువంటి కుటుంబాల కణితులను పరీక్షించగా, పలుచోట్ల మంచి ప్రతిలో అక్షరములు సరిగానే ఉన్నవి, మిథైల్ గుర్తులతో మూతపడియున్నది. ఈ సంగతి 2000లో ప్రచురమైనది. ఇప్పుడు ఆ కుటుంబములలో రక్తపరీక్ష చేసి, దోషము ఉన్నవారికి కడుపును ముందే తీసివేయు ఆపరేషను చేస్తున్నారు.

పెద్దమ్మకు మేము చెప్పవలసినది ఇక్కడనే ఉన్నది. వంశదోషము ఏమియు లేనివారి కణితులలో కూడ ఈ జన్యువు మూతపడి కనబడుతుంది. హెలికోబాక్టర్ పైలోరీ అను క్రిమి కడుపులో ఏండ్ల తరబడి నిలిస్తే కడుపు పొరలో ఈ గుర్తులు పెరుగుతాయి. మందులతో ఆ క్రిమిని పోగొట్టితే గుర్తులు తగ్గినట్లు కూడ చూచారు. అంటే అంటుకొన్న పేజీ విడిపోగలదు.

సున్నము వీడిన కణము గోడ దాటి, రక్తములోనో శోషరసములోనో పడి దూరము పోతుంది. మమ్మును ఆశ్చర్యపరచినది దాని తరువాతి పని. కాలేయములోనో ఎముకలోనో చేరిన చోట కొన్ని కణములు ఆ మూతను తామే తెరచి, మరల సున్నము పెట్టుకొని కాపురముంటాయి! ప్రయాణమునకు మూత, స్థిరపడుటకు తెరపు. అందుచేతనే మూతలన్నీ తెరచే మందు ఇస్తే చాలునని డాక్టర్లు అనరు. అజాసిటిడిన్ అను మందు అటువంటిదే. 2004లో అమెరికాలో ఎముకల మజ్జకు సంబంధించిన ఒక రక్తవ్యాధికి అనుమతి పొందినది, మన కోడలి జబ్బుకు కాదు. "జన్యువులను తెరచే పొడి" అని సంతలో అమ్మజూపితే డబ్బు ఇవ్వకండి.

డాక్టరమ్మగారు కోడలి కాగితములు చూచి, ఇది ఆ మావోరీ కుటుంబములోని రకము కాదనియు, ఇంట్లోవారు క్రిమి పరీక్ష చేయించుకొంటే మంచిదనియు చెప్పారు. ఆ మాట పట్టుకొని పెండ్లికొడుకు ఇంటికి వెళ్లాము. తండ్రి అంతయు విని, "ఇదే ముక్క డాక్టరుగారిచేత వ్రాయించి ఇస్తారా?" అన్నాడు. మాకు కోపము వచ్చిన మాట నిజమే. అయినను వ్రాయించి తెచ్చాము. ఆ సాయంత్రము కోడలు ఆ కాగితమును అడిగి తీసికొని, చదివి, మడచి, తలగడ క్రింద పెట్టుకొన్నది. పెండ్లికొడుకు వారికి ఇచ్చుటకు మరియొకటి వ్రాయించవలసి వచ్చినది.