అది గాలిమాట కాదు!

కోట్లు పోసి కొన్న స్పోర్ట్స్ కారైనా, వాయిదాల మీద కొన్న చిన్న కారైనా... డ్యాష్‌బోర్డు మీద ఆ పసుపుపచ్చ దీపం వెలిగితే చాలామంది అనే మాట ఒకటే - 'దానికేం పన్లేదు, ఊరికే వెలుగుతుంది!' టైర్లో గాలి తగ్గిందని చెప్పే ఆ దీపం నిజంగా ఊరికే వెలుగుతుందా? వెలిగినప్పుడు దాన్ని నమ్మాలా, వద్దా?

డిసెంబరు ఉదయం. అమెరికాలోని డెట్రాయిట్ లాంటి చలి ఊరు. ఇంటి ముందున్న షెవర్లే కార్వెట్ ఇంజిను ఆన్ చేయగానే గుర్రపు నాడాలాంటి బొమ్మ, దాని మధ్యలో ఆశ్చర్యార్థకం! టైర్లో గాలి తక్కువుందని అర్థం. యజమాని దిగి నాలుగు టైర్లూ చూస్తాడు. మేకుల్లేవు, పంక్చర్లు లేవు, అన్నీ నిండుగానే కనిపిస్తాయి. సరే చూద్దాంలే అని బయల్దేరతాడు. అరగంట నడిపేసరికి దీపం దానంతటదే ఆరిపోతుంది. మర్నాడు ఉదయం మళ్లీ అదే తంతు. మూడోరోజుకల్లా ఆయన ఆ దీపాన్ని చూడటమే మానేస్తాడు.

అక్కడ స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలోనూ చలికాలం మొదలవగానే కనిపించే దృశ్యమే ఇది. కారు చిన్నదైనా పెద్దదైనా తేడా లేదు. కాకపోతే స్పోర్ట్స్ కార్లలో ఈ బెడద ఇంకాస్త ఎక్కువ. ఎందుకో తెలియాలంటే ముందు ఓ చిన్న లెక్క చూడాలి.

చలికి ముడుచుకునే గాలి

వేడెక్కితే గాలి వ్యాకోచిస్తుంది, చల్లబడితే సంకోచిస్తుంది - హైస్కూల్లో చదువుకున్నదే. టైరు లోపలి గాలికీ అదే సూత్రం. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ తగ్గితే కారు టైర్లో ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పడిపోతుంది. పీఎస్ఐ అంటే చదరపు అంగుళం మీద ఎన్ని పౌండ్ల బలం పడుతోందో చెప్పే కొలత. మనం పెట్రోలు బంకులో '32 కొట్టు' అనేది ఈ లెక్కే.

కార్వెట్ ఆరో తరం, ఏడో తరం మోడళ్లకు కంపెనీ చెప్పిన ఒత్తిడి 30 పీఎస్ఐ. సెప్టెంబరులో 25 డిగ్రీల వాతావరణంలో సరిగ్గా అంతే నింపారనుకుందాం. డిసెంబరు ఉదయానికి ఉష్ణోగ్రత మైనస్ 5కు దిగింది. అంటే 30 డిగ్రీల తేడా. ఆ చలికే ఒత్తిడి 25.5కు తగ్గిపోతుంది. దీనికితోడు ఏ చిల్లూ లేకపోయినా రబ్బరులోంచి నెలకు ఒక పీఎస్ఐ దాకా గాలి మెల్లగా జారిపోతూనే ఉంటుంది. మూడు నెలలకు మూడు. మిగిలింది 22.5!

అమెరికా చట్టం ప్రకారం కంపెనీ చెప్పిన ఒత్తిడికన్నా 25 శాతం తగ్గితే దీపం వెలగాలి. 30లో 25 శాతం తీసేస్తే ఎంత? సరిగ్గా 22.5. పంక్చర్ లేదు, మేకు లేదు, కానీ దీపం వెలిగింది. కారు రోడ్డెక్కాక టైర్లు నలిగి వేడెక్కుతాయి. ఒత్తిడి మూడు నాలుగు పీఎస్ఐ పెరుగుతుంది. దీపం ఆరిపోతుంది.

ఇప్పుడు చెప్పండి... ఆ దీపం అబద్ధమాడిందా? లేదు. ఆ ఉదయం ఆ టైర్లో నిజంగానే నాలుగోవంతు గాలి తక్కువుంది. వేడెక్కి దీపం ఆరిపోయాక కూడా ఉండాల్సినదానికన్నా తక్కువే ఉంది. ఎందుకంటే కంపెనీ చెప్పే అంకె ఎప్పుడూ 'చల్లని టైరు'కు సంబంధించినది. అంటే కనీసం మూడు గంటలు కదలకుండా ఆగి ఉన్న టైరు అన్నమాట.

స్పోర్ట్స్ కార్లతోనే మొదలు

గాలి తగ్గితే కారే చెప్పే ఈ ఏర్పాటు పుట్టింది స్పోర్ట్స్ కార్లలోనే. 1986లో వచ్చిన పోర్షె 959 దీన్ని అమర్చుకున్న తొలి కారుగా పేరు తెచ్చుకుంది. గంటకు 300 కిలోమీటర్లు దాటే కారులో టైరు మెత్తబడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు కదా!

తర్వాత మరో అవసరం వచ్చిపడింది. 1997లో వచ్చిన ఐదో తరం కార్వెట్‌లో స్టెప్నీయే లేదు. దానికి బదులు గాలి పూర్తిగా పోయినా కొంతదూరం నడవగలిగే రన్‌ఫ్లాట్ టైర్లు బిగించారు. ఈ టైరు పక్కభాగం గట్టిగా ఉండి, గాలి లేకపోయినా కారు బరువును మోస్తుంది. చిక్కల్లా అక్కడే ఉంది. గాలి పోయిన సంగతి నడిపేవాడికి తెలియనే తెలియదు! తెలియక అదే వేగంతో వెళ్తే టైరు వేడెక్కి ముక్కలవుతుంది. అందుకే ఆ కారులో గాలి ఒత్తిడిని కనిపెట్టే సెన్సర్లను తప్పనిసరిగా అమర్చారు.

ఆ మాటకొస్తే మామూలు టైర్లలోనూ కంటిచూపు పనికిరాదు. ఇప్పటి రేడియల్ టైర్లలో 30 పీఎస్ఐ ఉన్నదాన్నీ, 23 ఉన్నదాన్నీ పక్కపక్కన పెడితే అనుభవమున్న మెకానిక్కు కూడా తేడా పట్టుకోవడం కష్టం. కాలితో తన్ని చూసి 'బానే ఉంది' అనడం మన తృప్తి కోసమే.

ప్రాణాలు పోయాక చట్టం

స్పోర్ట్స్ కార్ల సోకు అనుకున్న ఈ దీపం అందరి కార్లలోకీ రావడం వెనక పెద్ద విషాదమే ఉంది. 1990ల్లో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర పరుగులోనే ఊడిపోయి, బళ్లు పల్టీలు కొట్టడం మొదలైంది. ఈ ప్రమాదాల్లో రెండొందల మందికి పైగా చనిపోయారు. 2000 ఆగస్టులో రోడ్ల మీదున్న సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంటున్నట్టు ఫైర్‌స్టోన్ ప్రకటించింది.

తప్పెవరిదన్న దాని మీద రెండు కంపెనీలూ కత్తులు దూసుకున్నాయి. అందులో గాలి గొడవా ఒకటి. ఆ బండికి 26 పీఎస్ఐ చాలని ఫోర్డ్ చెప్పింది. 30 ఉండాలని ఫైర్‌స్టోన్ అంది. నాలుగే నాలుగు పీఎస్ఐల తేడా! కానీ నిండా బరువు వేసుకుని, ఎండాకాలం, హైవే మీద దూసుకెళ్లే బండికి అదే ప్రాణాంతకం కావచ్చని ఆ ఉదంతం చెప్పింది.

ఆ ఏడాది నవంబరు 1న అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో కొత్త చట్టం వచ్చింది. దాని ఫలితంగా 2007 సెప్టెంబరు నుంచి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఈ హెచ్చరిక దీపం తప్పనిసరైంది. 2014 నవంబరు నుంచి ఐరోపా సమాఖ్య దేశాల్లోని కొత్త కార్లన్నిటికీ అదే నియమం వర్తించింది. మన దేశంలో కేంద్రం 2020లో నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్, ఈ దీపం ఏర్పాటు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా పర్లేదంది. స్టెప్నీ స్థానంలో దీపాన్ని కూర్చోబెట్టామంటే, దాన్ని ఎంత నమ్ముకోవాలో చూడండి.

తప్పుడు హెచ్చరికల వెనక

ఈ ఏర్పాటు రెండు రకాలు. మొదటిదాంట్లో ప్రతి టైరు లోపలా వాల్వు దగ్గర చిన్న సెన్సర్ ఉంటుంది. ఒత్తిడిని కొలిచి రేడియో తరంగాల ద్వారా కారుకు చెబుతుంది. రెండోదాంట్లో టైరు లోపల ఏమీ ఉండదు. గాలి తగ్గిన టైరు చుట్టుకొలత కొద్దిగా తగ్గి, మిగతావాటికన్నా వేగంగా తిరుగుతుంది. బ్రేకుల కోసం పెట్టిన ఏబీఎస్ సెన్సర్లు ఆ తేడాను పసిగడతాయి.

రెండోరకంతో వచ్చే చిక్కు తేలిగ్గానే తెలుస్తుంది. గాలి కొట్టించాకో, టైర్లు మార్చాకో 'ఇదీ సరైన లెక్క' అని బటన్ నొక్కి కారుకు చెప్పాలి. చెప్పకపోతే పాత లెక్కతోనే పోల్చుకుని దీపం వెలిగిస్తుంది. గాలి తక్కువున్నప్పుడు ఆ బటన్ నొక్కితే ఇంకా ప్రమాదం. ఆ తక్కువే సరైనదనుకుంటుంది!

స్పోర్ట్స్ కార్లలో సాధారణంగా మొదటిరకం ఉంటుంది. ఇక్కడ చిక్కులు మరోరకం. పోర్షె 911నే తీసుకోండి. ఇంజిను వెనక ఉంటుంది కాబట్టి బరువూ వెనకే ఎక్కువ. 2000ల మధ్యలో వచ్చిన 997 తరంలో 19 అంగుళాల చక్రాలకు ముందు 33, వెనక 39 పీఎస్ఐ ఉండాలి. ఇద్దరే వెళ్తున్నారా, నిండా బరువుతోనా, వేసవి టైర్లా, చలికాలం టైర్లా అన్నది కూడా డ్యాష్‌బోర్డు మెనూలో ఎంచుకోవాలి. ఇద్దరికి సరిపడా గాలి నింపి, మెనూలో 'నిండు బరువు' అని వదిలేస్తే కారు గోల పెట్టక ఏం చేస్తుంది? పంక్చర్ షాపులో టైర్లు విప్పి, ముందు చక్రం సెన్సర్‌ను వెనక చక్రానికి బిగించినా ఇదే గందరగోళం. ఏ సెన్సర్ ఎక్కడుందో కారుకు మళ్లీ నేర్పాల్సిందే.

సెన్సర్‌కూ ఆయుష్షు ఉంటుంది. లోపలి బ్యాటరీ 5 నుంచి 10 ఏళ్లు పనిచేస్తుంది. చాలా రకాల్లో బ్యాటరీ ఒక్కటే మార్చడానికి వీలుండదు, సెన్సర్ మొత్తాన్నీ మార్చాలి. అది గాలి సమస్యా, సెన్సర్ సమస్యా అన్నది దీపమే చెబుతుంది. చాలా కార్లలో గాలి తగ్గితే నిలకడగా వెలుగుతుంది. పరికరమే చెడిపోతే కారు స్టార్ట్ చేయగానే నిమిషం, నిమిషంన్నర మిణుకుమిణుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలుగుతుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం కంగారు తగ్గిపోతుంది.

ట్రాకు మీద ఒప్పు... రోడ్డు మీద తప్పు

స్పోర్ట్స్ కార్ల యజమానుల్లో కొందరు సెలవు రోజుల్లో రేసు ట్రాకులకు వెళ్తుంటారు. అక్కడ నాలుగు చుట్లు తిరిగేసరికి టైర్లు విపరీతంగా వేడెక్కి ఒత్తిడి బాగా పెరుగుతుంది. అందుకని ముందే కాస్త గాలి తీసేస్తారు. దీపం వెలుగుతుంది. 'మాకు తెలుసులే' అనుకుంటారు. అక్కడిదాకా సరే. సాయంత్రం గాలి మళ్లీ నింపుకోకుండా హైవే ఎక్కితేనే అసలు ముప్పు. పొద్దుట్నుంచీ వెలుగుతున్న దీపం కాబట్టి నిజంగా మేకు దిగినా పట్టించుకోరు.

'నాన్నా పులి' కథ అందరికీ తెలిసిందే. పిల్లాడు రెండుసార్లు ఉత్తుత్తినే అరిచాడు, మూడోసారి నిజంగా పులొచ్చినా ఎవరూ రాలేదు. ఈ దీపం కథలో చిన్న తేడా ఉంది. చాలాసార్లు ఆ పిల్లాడు నిజమే చెబుతున్నాడు. చిన్న పులిని చూసి అరిచాడని మనమే కొట్టిపారేస్తున్నాం!

మన ఎండలు... మన అపోహ

అక్కడ చలితో సమస్య అయితే మనకు ఎండతో. జనవరి ఉదయం 15 డిగ్రీల దగ్గర గాలి నింపిన టైర్లో, మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలకు నాలుగు పీఎస్ఐ పైనే పెరుగుతుంది. అది చూసి 'ఎండాకాలం కదా, కాస్త తక్కువ కొట్టు, లేకపోతే పేలిపోతుంది' అంటుంటారు. ఇది తప్పు. గాలి తగ్గిన టైరు నేలకు ఎక్కువగా ఆనుతుంది. పక్కభాగం ప్రతి చుట్టుకూ ఎక్కువ వంగుతుంది. వంగినకొద్దీ వేడి పుడుతుంది. ఆ వేడికే రబ్బరు, లోపలి దారాలు విడిపోతాయి. వేసవిలో హైవేల మీద టైర్లు పేలడానికి గాలి తక్కువుండటం ముఖ్యమైన కారణాల్లో ఒకటి.

అలాగే దూరప్రయాణంలో వేడెక్కిన టైరును చూసి, ఎక్కువైందని గాలి తీయించకూడదు. వేడి మీద 34 ఉందని 30కి తగ్గిస్తే, మర్నాడు పొద్దున్నకి అది 26 అవుతుంది. దీపం వెలిగితే మళ్లీ కారునే తిడతాం.

మరి నైట్రోజన్ కొట్టిస్తేనో? మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్. తేమ ఉండదు కాబట్టి కొంత మేలే. నిస్సాన్ జీటీ-ఆర్ టైర్లలో నైట్రోజన్ నింపేది అందుకే. కానీ చలికి అది కూడా దాదాపు అంతే ముడుచుకుంటుంది. చూసుకోవడం మానేయడానికి అది సాకు కాదు.

దీపం చెప్పనివి

గాలి సరిపోయినంత మాత్రాన టైరు బాగున్నట్టు కాదు. 2013 నవంబరు 30న హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ ప్రయాణిస్తున్న పోర్షె కరేరా జీటీ ప్రమాదానికి గురైంది. అతివేగమే కారణమని దర్యాప్తు తేల్చింది. ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ల నాటివన్న సంగతీ ఆ దర్యాప్తులోనే బయటపడింది. వయసు మీరిన రబ్బరు గట్టిపడి రోడ్డు మీద పట్టు కోల్పోతుంది. ఏ సెన్సరూ ఆ మాట చెప్పదు. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం.

దీపం వెలిగితే...

* స్టీరింగు ఒక పక్కకు లాగుతున్నా, కారు ఊగుతున్నా మెల్లగా వేగం తగ్గించి పక్కన ఆపండి. గట్టిగా బ్రేకు వేయొద్దు.

* తేడా ఏమీ తెలియకపోయినా నిదానంగా వెళ్లి దగ్గర్లో గాలి చూపించండి. 'ఆరిపోయిందిగా' అని వదిలేయొద్దు.

* ఎంత నింపాలో డ్రైవరు తలుపు పక్కనున్న స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు మీద రాసినది గరిష్ఠ పరిమితి, అంత నింపకూడదు.

* నెలకోసారి, ఉదయం బండి తీయకముందే కొలవండి. సొంత గేజీ ఒకటి కొనుక్కుంటే బంకు మీటరును నమ్ముకోనక్కర్లేదు.

* స్టెప్నీ ఉంటే దాన్నీ చూడండి. దాంట్లో గాలి తగ్గిందని చాలా కార్లలో ఏ దీపమూ చెప్పదు.

* టైర్లు మార్చినా, గాలి నింపినా కారు పుస్తకంలో చెప్పినట్టు సెన్సర్లను సరిచేయించండి.

* నింపిన రెండ్రోజులకే అదే టైరు మళ్లీ తగ్గిందంటే అది చలీ కాదు, సెన్సరూ కాదు. ఎక్కడో మేకుంది. వెతికించండి!