సంతానలేమి - హార్మోనుల చికిత్స

సంతానము కొరకు మానవుడు పడిన తపన అతి ప్రాచీనమైనది. దశరథ మహారాజు పుత్రకామేష్టి చేసెను. హజ్రత్ జకరియా వృద్ధాప్యమున అల్లాహ్‌ను వేడుకొనెను. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో పిల్లలు లేని దంపతులు నేటికిని జాన్‌పహాడ్ దర్గాకును, కొత్తూరు దగ్గరి జహంగీర్ పీరు దర్గాకును, యాదగిరిగుట్టకును పోయి మొక్కుకొనుచున్నారు. ఆ మొక్కులను గూర్చి మేమేమియు అనబోము. అయితే మొక్కుతోపాటు వైద్యుని గడప తొక్కువారు, అక్కడ తమకు పొడిచెడి సూది ఏమి పని చేయునో తెలిసికొనుట అవసరము.

ముందుగా ఒక మాట. తెలుగులో 'గొడ్రాలు' అందుము. ఉర్దూలో 'బాంఝ్' అందురు. రెండును స్త్రీనే వేలెత్తి చూపును. బిడ్డలు కలుగని పురుషునకు నిత్యవ్యవహారములో అట్టి పేరు లేదు. 'నపుంసకుడు' అను మాట వేరొక లోపమును తెలుపును. భాష ఈ విధముగా ఒక పక్షమునకే తీర్పు చెప్పుచున్నది గాని, సంతానము కలుగని దంపతులలో ఇంచుమించు సగము మంది విషయములో పురుషుని లోపము కూడ ఉన్నట్లు వైద్యశాస్త్రము తేల్చినది. ప్రపంచములో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధకు గురియగుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది. ఇది ఏ ఒక్క కోడలి తలరాతయు కాదు.

ఇక హార్మోనుల సంగతి. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న భాగము కలదు. అది ఒక రసాయనమును తెరలు తెరలుగా విడుదల చేయును. ఆ సంకేతము నందుకొని పీయూష గ్రంథి ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్. అను రెండు హార్మోనులను రక్తములోనికి పంపును. మొదటిది అండాశయములోని పుటికలను పెంచును. రెండవది పక్వమైన అండమును విడిపించును. పెరుగుచున్న పుటిక ఈస్ట్రోజనును స్రవించును. అది తిరిగి మెదడునకు చేరి 'ఇక చాలు' అని తెలుపును. పై నుండి ఆజ్ఞ, క్రింది నుండి జవాబు. ఈ రాకపోకలలో ఎక్కడ తెగినను అండము విడుదల కాదు.

క్లోమిఫీను అను మాత్ర చేయు పని ఇక్కడ చక్కగా బోధపడును. అది ఈస్ట్రోజను జవాబు మెదడునకు చేరకుండ అడ్డుపడును. జవాబు రాకపోవుటచే మెదడు మరింత గట్టిగా ఆజ్ఞాపించును, పుటిక పెరుగును. అమెరికాలో దీనికి 1967లో అనుమతి లభించినది. అండాశయములలో నీటిబుడగల వంటివి ఏర్పడు వ్యాధిలో లెట్రోజోలు దీనికంటె మెరుగని 2014లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. మాత్రలు పని చేయనపుడు ఎఫ్.ఎస్.హెచ్. నే సూదిమందుగా ఇత్తురు. ఈ సూదిమందు పుట్టుక విచిత్రమైనది. ముట్లుడిగిన స్త్రీల మూత్రములో ఈ హార్మోనులు అధికము. కావున ఇటలీలోని మఠములలో వృద్ధ సన్యాసినుల మూత్రమును సేకరించి మందు తయారు చేసిరి. దానితో 1962లో ఇజ్రాయేలున ఒక బిడ్డ జన్మించెను. బ్రహ్మచర్యము పాటించినవారి వలన ఎందరికో మాతృత్వము లభించుట విధి విలాసమే.

మన దేశమునకును ఇందులో భాగము కలదు. 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టిన తొలి పరీక్షనాళిక శిశువు విషయములో హార్మోనులు వాడక, సహజముగా పక్వమైన అండమునే గ్రహించిరి. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషిచే జన్మించిన శిశువు విషయములో హార్మోను సూదులతో అండములను పెంచి, పిండమును శీతలీకరించి, తరువాతి చక్రములో గర్భములో ఉంచిరి. నేడు లోకమంతట ఆచరణలో ఉన్న పద్ధతికి ఇది ఎంతో దగ్గర. కాని నాటి ప్రభుత్వ సంఘము ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసికొనెను. మన పండితులు మనవానిని గుర్తించుటకు ఇంచుమించు ఇరువది యేండ్లు పట్టినది.

మందు ఎక్కువైనచో ప్రమాదము. అండాశయములు ఉబ్బి, కడుపులో నీరు చేరి, ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి వచ్చును. కవలలు, ముగ్గురు పిల్లలు కలుగుటయు, నెలలు నిండక ప్రసవించుటయు కలదు. అందుచేత అల్ట్రాసౌండుతో పుటికలను కొలుచుచు మోతాదు నిర్ణయింపవలెను. 2019 సెప్టెంబరు 5న గుంటూరులో డెబ్బది యేండ్లు దాటిన వనిత ఒకరు కవలలను ప్రసవించిరి. ఎన్నడో ముట్లుడిగిన గర్భాశయమును హార్మోనులతో సిద్ధపరచి, అన్యస్త్రీ అండముతో ఏర్పడిన పిండములను ఉంచిరి. వార్తాపత్రికలు అద్భుతమనెను. ఆ పసివారిని ఎవరు పెంచవలెనని మాబోటివారము అడిగితిమి. 2021లో వచ్చిన కేంద్ర చట్టము ఇట్టి చికిత్సకు స్త్రీకి 50, పురుషునకు 55 యేండ్ల వయోపరిమితి విధించినది.

ముస్లిము కుటుంబములలో తరచుగా వచ్చు సందేహము ఇది ధర్మసమ్మతమా అని. ఈజిప్టు ముఫ్తీగా ఉన్న షేఖ్ జాద్ అల్ హఖ్ 1980లో ఇచ్చిన ఫత్వా ప్రకారము భార్యాభర్తల అండ శుక్రకణములతోనే జరుగు చికిత్సకు అభ్యంతరము లేదు. మూడవ వ్యక్తి ప్రమేయము కూడదు. హార్మోను మాత్రలు, సూదులు దంపతుల స్వంత శక్తినే మేల్కొల్పును గనుక అవి ఈ నిషేధములోనికి రావు.

మా విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పవలసినది ఒకటున్నది. కండలు పెంచుటకై వ్యాయామశాలలలో కొందరు యువకులు టెస్టోస్టిరోను సూదులు వేయించుకొనుచున్నారు. పైనుండి హార్మోను వచ్చి పడినచో మెదడు తన ఆజ్ఞలను ఆపివేయును. వృషణములలో శుక్రకణముల ఉత్పత్తి క్షీణించును. మగతనము పెరుగునని కొన్న మందు తండ్రి కాగల శక్తినే హరించును. మానివేసినచో సాధారణముగా శక్తి తిరిగి వచ్చును గాని నెలలు పట్టును. కొందరికి అంతకంటె ఎక్కువ కాలము.

పాలమూరు కూలీల బాధ వేరు. భర్త బొంబాయిలో, భార్య ఊరిలో ఉన్నప్పుడు ఏ సూది ఏమి చేయగలదు? ఇద్దరును కలిసి వలస పోయినను, చక్రములో ఫలానా దినమున స్కానింగు, ఫలానా రాత్రి సూది, ముప్పది ఆరు గంటల తరువాత అండము విడుదల అను లెక్కకు మేస్త్రీ సెలవీయడు. చికిత్స మధ్యలో ఆగిపోవును, అప్పు మిగులును. ప్రయివేటు కేంద్రములలో మోసములు లేకపోలేదు. 2025లో సికింద్రాబాదులోని ఒక కేంద్రమున అద్దెగర్భము ద్వారా పుట్టిన తమ బిడ్డయని నమ్మిన దంపతులకు, డి.ఎన్.ఏ. పరీక్షలో ఆ బిడ్డ తమది కాదని తేలినది. ప్రభుత్వము 2023లో గాంధీ ఆసుపత్రిలో సంతాన సాఫల్య కేంద్రమును ప్రారంభించినది. అంత దూరము పోవుటకు ముందే చేయదగిన పని ఒకటి కలదు. వివాహమై సంవత్సరము గడిచినను గర్భము నిలువనిచో దంపతులిద్దరును కలిసి వైద్యుని వద్దకు పోవలెను. భర్తకు వీర్యపరీక్ష, భార్యకు థైరాయిడు, ప్రొలాక్టిను రక్తపరీక్షలు మొదట చేయించవలెను. భర్త పరీక్ష కానిదే భార్యకు నెలల తరబడి మాత్రలు మింగించుట అక్రమము. వీర్యపరీక్షకు పట్టునది ఒక్క పూట.