తనంత తానే తేరుకొను యంత్రము

1965వ సంవత్సరము మే 30వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, సుకాసున్నా అను చిన్న ఊరియందు, బెల్ టెలిఫోను వ్యవస్థవారి క్రొత్త ఎలెక్ట్రానిక్ ఎక్స్ఛేంజి పనిలో ప్రవేశించెను. దాని నిర్మాతలు తమకు తామే విధించుకొనిన నియమము అత్యంత కఠినమైనది: 40 ఏండ్ల కాలమున అది పనిచేయక నిలిచిపోయిన సమయమెల్ల కూడినను 2 గంటలకు మించరాదు. అనగా ఏడాదికి 3 నిమిషములు మాత్రమే. ఒక మనుష్యుడు నిద్రమేల్కొని ఆ గదికి చేరులోపలనే ఎన్నియో సంవత్సరముల వాటా చెల్లిపోవును గదా! కావున ఆ యంత్రమున ఒకే పనిని రెండు ప్రాసెసర్లు జంటగా చేయుచు, ఫలితములలో భేదము కనబడిన తత్క్షణమే దోషము దేనియందున్నదో పరీక్షింపబడి, చెడినది తొలగింపబడి, మంచిదానితో కార్యము సాగునట్లు ఏర్పాటు గావించిరి. నేటి ఐటీ కార్యాలయములలో ఆటో రెమెడియేషన్ అని వ్యవహరించు పద్ధతికి ఆద్యరూపములలో ఇది యొకటి.

నాలుగేండ్లకు, 1969 జూలై 20న, చంద్రునిపై దిగుచున్న ఈగిల్ నౌకలోని కంప్యూటరు 1202 అను సంఖ్యతో హెచ్చరిక చూపెను. ఆ ఘట్టమున అక్కరలేని మఱియొక రాడారునుండి ఎడతెగక వచ్చిపడు సంకేతములు కంప్యూటరు కాలమును హరించుచుండగా, పనులు పేరుకొనిపోయి వానికి మెమరీలో చోటు చాలదయ్యెను. ఎంఐటీ ప్రయోగశాలవారు ముందుగా నూహించి వ్రాసియుంచిన ఉపాయము అప్పుడు అక్కరకు వచ్చినది. కంప్యూటరు తనంత తానే రీస్టార్టు అయి, ఇంజనును నడుపుట, గమనమును నిర్ణయించుట మొదలైన ముఖ్యకార్యములను మాత్రము విడిచిన చోటినుండియే అందుకొని, తక్కినవానిని వదలివేసెను. ఇట్లు పలుమారులు జరిగినను నౌకకు అపాయము కలుగలేదు. అయితే దిగుట కొనసాగించవలెనా, మరలిపోవలెనా అను నిర్ణయమును ఆ యంత్రము తనపై వేసికొనలేదు. దానిని హ్యూస్టన్ నగరమందలి నియంత్రణ కేంద్రమున నున్న స్టీవ్ బేల్స్, జాక్ గార్మన్ అను యువకుల వివేకమునకు విడిచిపెట్టెను. తాను చేయగలిగినది చేసి, చేయరానిదానిని దాచక మనుష్యునికి తెలుపుటయే ఈ విద్యలోని సారమని నా దృఢవిశ్వాసము.

ఈ విద్య బెడిసికొట్టిన ఉదంతమును గూడ విపులముగా చెప్పక తప్పదు. 1990 జనవరి 15న న్యూయార్క్‌లోని ఏటీ అండ్ టీ వారి స్విచ్చి ఒకదానియందు స్వల్పదోషము తలయెత్తినది. తనకు కొంతసేపు కాల్స్ పంపవలదని అది పొరుగు స్విచ్చులకు తెలిపి, కొన్ని సెకండ్లలో తన్ను తాను చక్కబఱచుకొని, మరల కాల్స్ పంపనారంభించెను. ఈ కాల్స్ రాకచే అది కోలుకొనినదని పొరుగు స్విచ్చి గ్రహించి తన పట్టికను దిద్దుకొనుచుండగా, ఆ పని ముగియక మునుపే రెండవ సందేశము వచ్చిపడెను. నెలరోజుల క్రిందట మార్చిన ప్రోగ్రాములో, సీ భాషలోని బ్రేక్ అను ఒక్క ఆజ్ఞ తప్పుచోట పడియుండుటచే, పొరుగు స్విచ్చి యొక్క డేటా చెదరిపోయెను. వెంటనే అదియు రీసెట్టు అయ్యెను. తేరుకొని కాల్స్ పంపెను. ఆ కాల్స్ ఇంకొకదానిని పడద్రోసెను. 114 స్విచ్చులు గల ఆ దూరవాణీజాలము సుమారు 9 గంటలు తల్లడిల్లినది. ప్రతి స్విచ్చియు తనకు నేర్పిన చికిత్సను తప్పక చేసికొనుచునే యుండెను. ఆ చికిత్సయే రోగమును వ్యాపింపజేసెను.

2010 సెప్టెంబరు 23న ఫేస్‌బుక్ సుమారు రెండున్నర గంటలు నిలిచిపోవుటకు కారణమును ఇట్టిదే. చెడిన కాన్ఫిగరేషన్ విలువలను సరిదిద్దుటకై పెట్టిన స్వయంచాలక వ్యవస్థ, మూలమందలి విలువయే తప్పైనపుడు, పదేపదే డేటాబేసుపై బడి దానిని ముంచివేసెను. సైటును మూసివేసి ఆ ప్రవాహమును ఆపుట తప్ప గత్యంతరము లేకపోయినది.

హైదరాబాదులోని మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల కార్యాలయములలో ఆన్‌కాల్ బాధ్యతతో రాత్రులు మేల్కొను మన యువతీయువకులకు ఈ వృత్తాంతములు పరాయివి కావు. డిస్కు 90 శాతము నిండినదని అర్ధరాత్రి అలర్టు వచ్చును. రన్‌బుక్ తెఱచి, సర్వరులో లాగిన్ అయి, పాత లాగులను తొలగించి, సర్వీసును రీస్టార్టు చేసి, టికెట్టు మూయుదురు. మఱునాడును అదియే వరుస. ఇట్టి పనిని స్క్రిప్టునకు అప్పగించుట ముమ్మాటికి యుక్తము. మనుష్యుని నిద్ర అంత చౌకైనది కాదు. కాని అలర్టు నిజమా కాదా యని ఆ స్క్రిప్టు ముందు నిర్ధారించుకొనవలెను. ఒకే పర్యాయము ఎన్ని సర్వర్లను ముట్టవచ్చునో దానికి హద్దుండవలెను. లేకున్న ఒక సర్వరు బాధ నూఱింటికి పాకును. రెండు మూడు ప్రయత్నములకు లొంగని దోషమును విడిచి మనుష్యుని లేపవలెను. చేసిన ప్రతి పనియు లాగులో వ్రాయబడవలెను. ఏలయన, నెలకు ముప్పదిమారులు డిస్కును ఊడ్చు స్క్రిప్టు, లాగులు అంతగా ఎందుకు పెరుగుచున్నవను ప్రశ్నను కప్పిపుచ్చుచున్నదన్నమాట.

ఈ వృత్తియందున్న పాఠకులకు నా విన్నపమొక్కటే: మీరు వ్రాయు స్క్రిప్టునకు ఆపుమీటను మొదట అమర్చి, అది పనిచేయుచున్నదని కన్నులార చూచిన పిదపనే, దానిని ప్రొడక్షన్ సర్వర్లపైకి పంపుడు.